విశ్లేషకుల మాటలకు పద్దు రాయండి

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాల్లో అయిదు ఒకే విషయం మీద ఉన్నాయి. టీవీల్లోను యూట్యూబ్‌లోను కనిపించే రాజకీయ విశ్లేషకులకు తెలివి ఉందా, వాళ్ల మాట నమ్మవచ్చా, వాళ్ల కోసం ఫోన్లలో మనం పెట్టుకుంటున్న పోట్లాటలకు అర్థం ఉందా అన్నది ఆ విషయం. అయిదూ విశాఖపట్నం నుంచి, చుట్టుపక్కల నుంచి వచ్చినవే. అందువల్ల మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈ పేజీలన్నీ వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, నేను ఉక్కు కర్మాగారంలో పనిచేసి పదవీ విరమణ చేశాను. మా విభాగంలో కలిసి పనిచేసిన నలభై మందిమి ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నాం. ఒక రాజకీయ విశ్లేషకుడంటే నాకు గౌరవం. ఆయన వీడియో పెట్టిన ప్రతిసారీ మా మిత్రుడొకడు "ఆడికి బుర్ర లేదురా బాబూ" అని రాస్తాడు. నేను ఆయన చదువు, అనుభవం చెబుతాను. వాడు తనకు నచ్చిన మరో విశ్లేషకుణ్ణి తెచ్చి నిలబెడతాడు. ఆయన తెలివితక్కువవాడని నేను రుజువు చేయబోతాను. మొన్న మాటా మాటా పెరిగింది. సీ షిఫ్టు దిగి ఒకే స్కూటరు మీద ఇంటికి వచ్చిన మేమిద్దరం మూడు వారాలుగా మాట్లాడుకోవడం లేదు. మా ఇద్దరి విశ్లేషకుల్లో ఎవరు తెలివైనవారో తేల్చే మార్గం ఏదైనా ఉందా?
– విశ్రాంత ఉద్యోగి, కూర్మన్నపాలెం

జవాబు: లేదండీ. ఒకవేళ ఉన్నా దానితో మీ తగాదా తీరదు. మనిషి తెలివిని కొలవడానికి పెట్టిన పరీక్షల్లో మొదట పేరుకెక్కింది 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే తన సహచరుడితో కలిసి తయారుచేసినది. బడిలో ఏ పిల్లలకు అదనపు సాయం అవసరమో గుర్తించడం దాని పని. స్టూడియోలో కూర్చుని రాబోయే ప్రభుత్వం ఎవరిదో చెప్పే పెద్దమనిషి మాటను తూచడానికి అది పుట్టలేదు. మీ విశ్లేషకుడికి అలాంటి పరీక్షలో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయనే అనుకుందాం. భీమిలిలో ఎవరు గెలుస్తారని ఆయన చెప్పిన మాట దానివల్ల వీసమెత్తయినా బరువెక్కదు. మీ మిత్రుడు "బుర్ర లేదు" అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది "ఈ మనిషి మాట నాకు నమ్మబుద్ధి కావడం లేదు" అని. మీరు ఆయన చదువు ఏకరువు పెట్టినప్పుడు మీ మనసులో ఉన్నది "నాకు నమ్మబుద్ధి అవుతోంది" అని. ఇద్దరూ నమ్మకం గురించి పోట్లాడుతూ దానికి తెలివి అని పేరు పెట్టారు. అందుకే మూడు వారాలైనా ఒకరి మాట ఒకరికి ఎక్కలేదు.

ఎవరి మాట నమ్మదగినది అన్న ప్రశ్న మన పెద్దలకు కొత్తది కాదు. మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనంలో ఆప్తవాక్యం, అంటే నమ్మదగినవాడి మాట, ఒక ప్రమాణం, నిజం తెలుసుకునే సాధనం. ఆప్తుడు అంటే ఎవరో చెబుతూ భాష్యకారుడైన వాత్స్యాయనుడు పెట్టినవి ముఖ్యంగా రెండు షరతులు. చెప్పే విషయాన్ని తాను నేరుగా ఎరిగి ఉండాలి. ఎరిగినదాన్ని ఎరిగినట్టే ఎదుటివాడికి తెలియజేయాలన్న కోరికతో మాట్లాడాలి. (ఈ పేరు వినగానే చాలామందికి గుర్తుకొచ్చే వాత్స్యాయనుడు వేరు, ఈయన వేరు, దయచేసి దీని మీద ఉత్తరాలు రాయకండి.) ఈ లక్షణం ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా ఒక్కటేనని కూడా ఆయన తేల్చి చెప్పాడు. ఆ నిర్వచనంలో తెలివి ఊసు లేదు, పట్టా ఊసు అసలే లేదు. మీ విశ్లేషకుణ్ణి, మీ మిత్రుడి విశ్లేషకుణ్ణి ఈ రెండు షరతుల ఎదుట నిలబెట్టి చూడండి. అనకాపల్లి బెల్లం రైతు మనసులో ఏముందో స్టూడియోలో కూర్చుని చెబుతున్నప్పుడు, ఆ సంగతి తనకు ఎలా తెలిసిందో ఆయన చెబుతున్నారా? ఏదైనా పార్టీకి సలహాలిస్తూ ఉంటే ఆ మాట ముందుగా చెప్పి మొదలుపెడుతున్నారా? మన తెలుగు విశ్లేషకుల్లో చాలామంది ఈ రెండో షరతు దగ్గరే జారిపోతారని నా అభిప్రాయం. తెలివి తక్కువై జారరు, ఎక్కువై జారుతారు.

మన ఊళ్లోనే ఉన్న ఒక పోలిక చెబుతాను. వాతావరణ శాఖవారి తుపాను హెచ్చరికల కేంద్రం విశాఖలో ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వస్తోందని, మన దగ్గరే తీరం దాటుతుందని ఆ శాఖ ముందుగానే చెప్పింది. 12వ తేదీ మధ్యాహ్నం అది ఆ ప్రకారమే దాటింది. ఆ రోజు చెట్లన్నీ కూలి, కరెంటు పోయి, నీళ్ల కోసం బిందెలతో వరుస కట్టిన మనలో ఎవరూ ఆ శాస్త్రజ్ఞుల తెలివి ఎంత అని వాదించుకోలేదు. ఇప్పటికీ వాదించుకోం. వాళ్ల మాటకు చోటు ఉంటుంది, తేదీ ఉంటుంది, దాదాపు గంట కూడా ఉంటుంది. రెండు రోజుల్లో అది నిజమో కాదో సముద్రమే తేల్చేస్తుంది. తప్పితే దాచుకోవడానికి వీలుండదు. ఇలా ఏళ్ల తరబడి తేలుతూ వచ్చిన మాట కాబట్టే జాలరి పడవను ఒడ్డుకు లాగుతున్నాడు. రాజకీయ విశ్లేషకుడి మాటకు ఈ మూడింటిలో ఒక్కటీ ఉండదు. "త్వరలో పెను మార్పులు చోటుచేసుకునే అవకాశం లేకపోలేదు" అన్న వాక్యాన్ని ఏ సముద్రమూ తేల్చలేదు.

తేదీలు పెట్టి తేలిస్తే ఏమవుతుందో ఒకాయన చేసి చూపించాడు. ఫిలిప్ టెట్లాక్ అనే అమెరికా ఆచార్యుడు 1980లలో మొదలుపెట్టి, సుమారు ఇరవై ఏళ్లపాటు, రాజకీయాల మీద, ఆర్థిక వ్యవహారాల మీద వ్యాఖ్యానమో సలహాయో వృత్తిగా ఉన్న 284 మంది చేత ఎనభై వేలకు పైగా జోస్యాలు చెప్పించి, ఫలితాలు వచ్చాక ఒక్కొక్కటీ సరిచూసి, ఆ లెక్కను 2005లో బయటపెట్టాడు. సగటున చూస్తే, ఇప్పుడు ఎలా ఉందో రేపూ అలాగే ఉంటుందని కళ్లు మూసుకుని చెప్పడం కంటే వాళ్లు పెద్దగా మెరుగు కాదు. అంతకంటే విచిత్రం, పత్రికలూ టీవీలూ ఎక్కువగా పిలిచే పేరున్నవాళ్ల జోస్యం అంత పేరు లేనివాళ్ల జోస్యం కంటే నాసిగా ఉంది. దీనికి ఆయన చెప్పిన కారణం నాకు సబబుగా తోస్తుంది. అన్నింటినీ ఒకే పెద్ద సిద్ధాంతంలో ఇరికించి ధాటిగా మాట్లాడేవాణ్ణి ఆయన ముళ్లపంది అన్నాడు. నాలుగు వైపుల నుంచి నాలుగు సంగతులు ఏరుకుని, తటపటాయిస్తూ మాట్లాడేవాణ్ణి నక్క అన్నాడు. తెలుగులో నక్క అంటే తిట్టు, అక్కడ మాత్రం మెప్పు. జోస్యం బాగా కుదిరింది నక్కలకే. కానీ రాత్రి తొమ్మిది గంటల చర్చకు నక్కను ఎవరు పిలుస్తారు? "అది కావచ్చు, ఇది కూడా కావచ్చు, నాకు ఆరు పాళ్లు నమ్మకం, నాలుగు పాళ్లు అనుమానం" అనేవాడు తెర మీద తేలిపోతాడు. ముళ్లపందికే మైకు దొరుకుతుంది. మన కళ్లకు తెలివిగా కనిపించేది ఆ ధాటే.

ఇక మీకు పనికొచ్చే సంగతి. జోస్యానికి మార్కులు వేసే ఒక లెక్క ఉంది. 1950లో గ్లెన్ బ్రయర్ అనే వాతావరణ శాస్త్రజ్ఞుడు వాన జోస్యాల కోసం దీన్ని కట్టాడు. చెప్పేవాడు తన నమ్మకాన్ని శాతంలో చెప్పాలి. మీ విశ్లేషకుడు "నూటికి తొంభై పాళ్లు ఫలానా అభ్యర్థి గెలుస్తాడు" అన్నారనుకోండి. గెలిస్తే తప్పు ఒక్క పదో వంతు. దాన్ని దానితోనే గుణిస్తే 0.01. ఓడితే తప్పు 0.9, గుణిస్తే 0.81. మీ మిత్రుడి విశ్లేషకుడు అదే అభ్యర్థి గురించి "అరవై పాళ్లు" అన్నారు. గెలిస్తే 0.16, ఓడితే 0.36. ఎవరి మొత్తం తక్కువగా ఉంటే వాళ్లు మెరుగు. ధాటిగా చెప్పి తప్పినవాడికి ఇందులో వాత ఎలా పడుతుందో చూశారు కదా. మీరిద్దరూ ఒక రెండు వందల పేజీల నోటు పుస్తకం కొనండి. ఎడమ పేజీ మీ విశ్లేషకుడిది, కుడి పేజీ ఆయన విశ్లేషకుడిది. ఏ తేదీన ఏమన్నారు, ఎప్పటికల్లా జరుగుతుందన్నారు, ఎంత నమ్మకంగా అన్నారు, చివరికి ఏమైంది, తప్పితే ఒప్పుకున్నారా లేదా అని రాయండి. ఆరు నెలలు చాలు.

రాయడం మొదలుపెట్టగానే మీకు ఒక ఇబ్బంది ఎదురవుతుంది. చాలా మాటలు పద్దులోకి ఎక్కవు. మీ సొంత కర్మాగారం సంగతే తీసుకోండి. నూరు శాతం వాటాలు అమ్మడానికి 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. 2025 జనవరిలో అదే కేంద్రం 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీకి ఆమోదం తెలిపింది. ప్లాంటు అమ్ముడవడం ఖాయమన్నవాళ్లు ప్యాకేజీ వచ్చాక, అమ్మకానికి ముందు చేసే మెరుగులే ఇవి అంటారు. ప్లాంటుకు ఢోకా లేదన్నవాళ్లు, ఇన్నాళ్లూ మేం చెప్పింది ఇదే కదా అంటారు. ఇద్దరూ గెలిచారు, ఎవరూ ఓడలేదు! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవాడు కనీసం కాళ్ల సంఖ్య చెబుతున్నాడు, మనం లెక్కపెట్టి చూడవచ్చు. వీళ్లు కుందేలును సంచిలోంచి బయటికే తీయరు. అలాంటి మాట వచ్చినప్పుడు పద్దులో "తేదీ లేదు" అని రాసి వదిలేయండి. ఆ రెండు మాటలు ఎవరి పేజీలో ఎక్కువసార్లు పడితే వాళ్ల మాటను ఆ మేరకు తక్కువగా లెక్కించండి.

మొదటి పేజీ రాయడానికి నోటు పుస్తకం తీసుకుని మీరే ఆయన ఇంటికి వెళ్లండి. గ్రూపులో ఫోటో పెట్టకండి.

ప్రశ్న: నేను గాజువాకలో డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా బాబాయి ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరితో వాదించినా "నీ చదువేంటి, ఆయన చదువేంటి" అంటారు. విదేశాల్లో డాక్టరేటు చేసినవాళ్ల విశ్లేషణకు, ఊళ్లో మైకు పట్టుకుని తిరిగే యూట్యూబర్ మాటకు ఒకే విలువ ఇవ్వాలా? బాగా చదువుకున్నవాళ్లు పొరపాటు పడే అవకాశం తక్కువ కదా?
– విద్యార్థిని, గాజువాక

జవాబు: చదువుకు విలువ ఉందమ్మా. ఏ విషయంలో చదువుకున్నారో ఆ విషయంలో ఉంది. రాజ్యాంగ చట్టం చదివిన ఆచార్యుడు గవర్నర్ అధికారాల గురించి చెబితే చెవి రిక్కించి వినవలసిందే. అదే ఆచార్యుడు మీ గాజువాకలో గాలి ఎటు వీస్తోందో చెబితే, ఆ మాటకు మీ వీధి చివరి ఆటో స్టాండులో వినిపించే మాట కంటే ఎక్కువ బరువు ఇవ్వనక్కరలేదు. ఆటో నడిపే ఆయన కనీసం రోజుకు యాభై మందిని ఎక్కించుకుంటాడు.

బాగా చదువుకున్నవాళ్లకు పొరపాట్లు తక్కువ అన్నదాన్ని 2013లో డాన్ కహాన్ అనే అమెరికా ఆచార్యుడు, ఆయన బృందం పరీక్షించి చూశారు. వెయ్యి మందికి పైగా మనుషులకు ఒక చిన్న పట్టిక ఇచ్చారు. కొందరికి ఆ అంకెలు చర్మానికి రాసుకునే మందు గురించి అని చెప్పారు, మరికొందరికి అక్కడి పార్టీలు రెండుగా చీలి కొట్టుకునే తుపాకుల నియంత్రణ గురించి అని చెప్పారు. అంకెలు మాత్రం అవే. మందు అన్నప్పుడు లెక్కలు బాగా వచ్చినవాళ్లు సరైన జవాబు చెప్పారు. తుపాకులు అనేసరికి, జవాబు తమ పక్షానికి వ్యతిరేకంగా ఉంటే, లెక్కలు బాగా వచ్చినవాళ్లు కూడా తప్పులో కాలేశారు. పక్షాల మధ్య ఎడం కూడా లెక్కలు రానివాళ్లలో కంటే వాళ్లలోనే ఎక్కువగా ఉంది. చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెతకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. అయితే మతి పోవడం అనేది ఇక్కడ సరైన మాట కాదేమో. మతి అలాగే ఉంది, వకీలుగా కొలువు కుదిరింది. తన కక్షిదారు గెలవడానికి కావలసిన సాక్ష్యాలు ఏరుతోంది.

అందుకని ఒక విశ్లేషకుడు నమ్మదగినవాడా అని చూడడానికి నేను పట్టా అడగను, రెండు చిన్న సంగతులు గమనిస్తాను. మొదటిది, ఆయన ఓట్ల శాతాన్ని, సీట్ల సంఖ్యను వేరువేరుగా చూస్తున్నారా అన్నది. 2019లో తెలుగుదేశానికి సుమారు 39 శాతం ఓట్లు వచ్చాయి, అసెంబ్లీలో సీట్లు 175కు 23. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు కూడా సుమారు 39 శాతమే వచ్చాయి, సీట్లు 11. ప్రతి అయిదుగురిలో ఇద్దరు ఓటు వేసిన పార్టీని రెండుసార్లూ "ప్రజలు పూర్తిగా తిరస్కరించారు" అన్నవాళ్లు ఎంతమందో! మన ఎన్నికల పద్ధతిలో అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా సీటు వస్తుంది, కాబట్టి పది శాతం తేడా సీట్లలో కొండంతగా కనిపిస్తుంది. ఈ సంగతి చెప్పకుండా సునామీ, తుడిచిపెట్టుకుపోయింది అనే మాటలతో గంటసేపు నడిపించేవాళ్లు ఎంత చదివినా నాకు లెక్కలోకి రారు.

రెండోది, వాడే మాటలకు చరిత్ర సాక్ష్యం చెబుతుందా అన్నది. మీ నియోజకవర్గాన్నే ఎవరైనా ఫలానా పార్టీ కంచుకోట అంటే మీరు నవ్వవచ్చు. నియోజకవర్గాల పునర్విభజనలో ఏర్పడిన గాజువాక 2009లో ప్రజారాజ్యాన్ని, 2014లో తెలుగుదేశాన్ని, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్‌ను, 2024లో మళ్లీ తెలుగుదేశాన్ని గెలిపించింది. 2019లో పవన్ కల్యాణ్ 16,753 ఓట్ల తేడాతో ఓడిపోయింది అక్కడే. 2024లో రాష్ట్రం మొత్తం మీద అతి పెద్ద మెజారిటీ, 95,235 ఓట్లు, వచ్చింది కూడా అక్కడే. ఇలాంటి కోటకు గోడలెక్కడున్నాయి? ఈ నాలుగు ఎన్నికల ఫలితాలు ఎన్నికల సంఘం దగ్గర ఉన్నవే, చూడడానికి పది నిమిషాలు పట్టదు. ఆ పది నిమిషాలు కేటాయించిన యూట్యూబర్ మాట, కేటాయించని డాక్టరేటు మాట కంటే నాకు ఎక్కువ. మీ బాబాయిగారికి ఈ జవాబు చూపించేటప్పుడు నా చదువేమిటని ఆయన అడగవచ్చు. బి.కాం. అని చెప్పండి.

ప్రశ్న: ఎన్నికల ఫలితాలు ముందుగా చెప్పి, అవి అక్షరాలా నిజమైనవాళ్లను నమ్మడంలో తప్పేమిటి? మా దుకాణం దగ్గర రోజూ ఇదే వాదన.
– వర్తకుడు, పూర్ణా మార్కెట్

జవాబు: ఒక్కసారి నిజమైతే ఒక్క పద్దు, అంతే. మీరు ఒక్క నెల బాకీ సరిగ్గా తీర్చినవాడికి మరుసటి నెల లక్ష రూపాయల సరుకు అరువిస్తారా? అరవై నాలుగు మంది కూర్చుని మూడుసార్లు బొమ్మా బొరుసా పందెం వేస్తే, మూడుసార్లూ సరిగ్గా చెప్పినవాళ్లు సగటున ఎనిమిది మంది తేలతారు. ఆ ఎనిమిది మందికీ మర్నాడు యూట్యూబ్ ఛానళ్లు వెలుస్తాయి. మిగిలిన యాభై ఆరు మంది ఏమయ్యారని ఎవరూ అడగరు. 2010 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పులో పాల్ అనే ఆక్టోపస్ ఎనిమిది పోటీలకు ఎనిమిదీ సరిగ్గా చెప్పింది. ఆ తరవాత మన దగ్గర సర్వేలకు పేరుపడిన మాజీ పార్లమెంటు సభ్యుడు లగడపాటి రాజగోపాల్‌ను ఆంధ్రా ఆక్టోపస్ అన్నారు. 2018లో తెలంగాణలో కాంగ్రెస్, తెలుగుదేశం కూటమికి మొగ్గు ఉందని ఆయన అన్నారు, టీఆర్‌ఎస్‌కు 119లో 88 వచ్చాయి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం అన్నారు, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 175లో 151 వచ్చాయి. ఆ తరవాత ఇక సర్వేలకు దూరంగా ఉంటానని ఆయనే ప్రకటించారు. ఆయన్ని అందరూ ఎగతాళి చేశారు గాని, నా పద్దులో ఆ ప్రకటన జమ వైపు ఉంది. అంతకంటే ఎక్కువగా తప్పినవాళ్లు మర్నాడు అదే కుర్చీలో కూర్చుని, ఎందుకిలా జరిగిందో మనకు వివరించడం నేను చూశాను.

2024లో ఇదే జరిగింది, పెద్ద ఎత్తున. జూన్ 1న వచ్చిన ఎగ్జిట్ పోల్స్‌లో ఎక్కువ భాగం కేంద్రంలో ఎన్డీయేకు 350 దాటుతాయన్నాయి, 4వ తేదీన వచ్చినవి 293. మన రాష్ట్రంలో అప్పటి అధికార పార్టీ వైఎస్సార్ కాంగ్రెస్ మళ్లీ వస్తుందన్న సర్వేలూ ఉన్నాయి, తెలుగుదేశం కూటమికి 161 వస్తాయన్న సర్వే కూడా ఉంది. వచ్చినవి 164. ఆ 161 చెప్పినవాళ్లకు బొమ్మా బొరుసా కంటే ఎక్కువ మార్కులే వేయాలి, ఎవరూ అనని అంకె అని నిలబడ్డారు కనుక. ఆ మార్కులను వచ్చే ఎన్నికకు పూచీకత్తుగా మాత్రం తీసుకోకండి. ఏ ఊళ్లో ఎంతమందిని అడిగారు, ఎలా ఎంచుకుని అడిగారు, నిజం చెప్పడానికి భయపడేవాళ్ల మాటను ఎలా సరిదిద్దారు అని అడగండి. చెబితే వినండి. "మా పద్ధతి రహస్యం" అంటే మీ తక్కెడ మీద ముద్ర లేకపోతే అధికారులు ఏం చేస్తారో గుర్తు తెచ్చుకోండి.

ప్రశ్న: మా మరిది ఒక విశ్లేషకుడి వీడియోల కింద "అమ్ముడుపోయాడు, ఇన్ని లక్షలు తీసుకున్నాడు" అని రోజూ రాస్తుంటాడు. రుజువేది అంటే ముప్ఫై సెకన్ల క్లిప్పు చూపిస్తాడు. ఇంట్లో నాకు భయంగా ఉంది. కేసులు అవుతాయా?
– గృహిణి, పెందుర్తి

జవాబు: అవ్వచ్చమ్మా. అభ్యంతరకరమైన సందేశాలకు అరెస్టు చేసే పాత 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది, కాబట్టి చిరాకు పుట్టించే మాట రాసినంత మాత్రాన ఆ సెక్షన్ కింద కేసు ఉండదు. పరువు నష్టం మాత్రం నేరంగానే ఉంది. భారతీయ న్యాయసంహిత 356వ సెక్షన్ ప్రకారం రెండేళ్ల దాకా సాధారణ జైలు శిక్ష పడవచ్చు. ఒక మనిషి విశ్లేషణ తప్పు అనడం వేరు, ఆయన ఇన్ని లక్షలు తీసుకున్నాడు అనడం వేరు. మొదటిది అభిప్రాయం. రెండోది సంగతి, దాన్ని నిరూపించవలసిన బరువు రాసినవాడి నెత్తిన పడుతుంది.

ఇక క్లిప్పు సంగతి. "ప్రత్యర్థులు అంటున్నట్టు ఈ ప్రభుత్వం విఫలమైంది అని నేను అనుకోవడం లేదు" అన్న వాక్యానికి ముందొక ముక్క, వెనకొక ముక్క కోసేస్తే "ఈ ప్రభుత్వం విఫలమైంది" మిగులుతుంది. ట్విట్టర్‌లో 2006 నుంచి 2017 దాకా తిరిగిన సుమారు 1,26,000 వార్తలను పరిశీలించి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనం, అబద్ధపు వార్తను ఇతరులకు పంపే అవకాశం నిజమైన వార్త కంటే 70 శాతం ఎక్కువని, అందుకు ముఖ్యకారణం యంత్రాలు కాదు, మనుషులేనని చెప్పింది. మీ మరిదికి నీతి చెప్పకండి, వదినగా మీకు ఆ ఇబ్బంది ఎందుకు? ఒక్క పని అడగండి: క్లిప్పు ఏ వీడియోలోదో, ఏ తేదీదో వెతికి, దానికి ముందు అయిదు నిమిషాలు, తరవాత అయిదు నిమిషాలు చూశాకే రాయమనండి. ఆ పది నిమిషాల ఓపిక ఉంటే సగం వ్యాఖ్యలు రాయకుండానే ఆగిపోతాయి.

ప్రశ్న: అందరికీ పద్దులు రాయమంటారు. మీరెప్పుడైనా తప్పు చెప్పారా?
– పేరు రాయని పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: చెప్పాను. 2019 ఎన్నికలకు ముందు, బీచ్ రోడ్డులో పొద్దున్నే నాతో నడిచే నలుగురి ఎదుట, విశాఖపట్నం లోక్‌సభ స్థానం తెలుగుదేశానిదేనని, తొంభై పాళ్లు ఖాయమని చెప్పాను. వాళ్లలో ఒక బ్యాంకు ఉద్యోగి ఆ మాటను, తేదీతో సహా, తన ఫోన్లో రాసుకున్నాడు. నగరంలోని తూర్పు, పశ్చిమ, ఉత్తర, దక్షిణ అసెంబ్లీ స్థానాలు నాలుగూ, రాష్ట్రమంతా ఎదురుగాలి వీస్తున్నా, నిజంగానే ఆ పార్టీకి వచ్చాయి. లోక్‌సభ మాత్రం 4,414 ఓట్ల తేడాతో వైఎస్సార్ కాంగ్రెస్‌కు పోయింది. ఆ లోక్‌సభ స్థానంలో ఈ నాలుగింటితోపాటు భీమిలి, గాజువాక, శృంగవరపుకోట కూడా ఉన్నాయి. నేను మాట్లాడింది నా నడక దారిలో కనిపించినవాళ్లతో. బ్రయర్ లెక్కలో నాకు పడింది 0.81. ఆ బ్యాంకు ఉద్యోగి ఇప్పటికీ, రాజకీయాల మీద నేను నోరు తెరవబోతే, "శృంగవరపుకోట వెళ్లొచ్చారా సార్?" అని అడుగుతాడు. ఇంతవరకు వెళ్లలేదు.